నాలుగో గుంట దగ్గర ఏడో నంబరు

మావారి మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదులేవీ లేవు. తాగరు, పేకాడరు, వంటకు వంక పెట్టరు. కొలుస్తారు, అంతే. పెళ్లయిన కొత్తలో నేను వేసిన మొదటి అట్టుని స్కేలుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి, "మూడు మిల్లీమీటర్ల తేడా ఉంది. ఫరవాలేదు, అనుమతించదగ్గ పరిధిలోనే ఉంది" అన్నారు. ఆ రోజే పుట్టింటికి వెళ్లిపోవలసింది. పెనం మీద రెండో అట్టు ఉంది, మాడిపోతుందని ఆగాను. పద్దెనిమిదేళ్లయింది.

అది ఆయన తప్పు కూడా కాదు. మా ఊరి లోహ కర్మాగారంలో ఆయన ప్రమాణాల శాఖకు డిప్యూటీ జనరల్ మేనేజరు. ఒక వస్తువు మీద ఏమి రాసి ఉందో ఆ వస్తువు అదేనని నమ్మడం ఆ శాఖలో చేరడానికి కనీస అర్హత. ఒకసారి కందిపప్పు అని చీటీ అంటించిన డబ్బాలో నేను పొట్టు మినప్పప్పు పోశాను. ఆయన మూత తీసి చూసి, "ఈసారి కందిపప్పు నల్లగా వచ్చిందేం సుగుణా?" అన్నారు.

ఆయన గోల్ఫ్ ఆడతారు. గోల్ఫ్ ఇష్టమని కాదు. జనరల్ మేనేజరు త్రివిక్రమరావుగారికి ఇష్టం. చాలా ఏళ్ల కిందట మా కర్మాగారాన్ని కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు వెళ్తూ వెళ్తూ మాకు రెండు వదిలి వెళ్లారు. ఒకటి కొలిమి, రెండోది గోల్ఫ్ మైదానం. కొలిమి అప్పుడప్పుడు ఆగుతుంది. మైదానం ఎన్నడూ ఆగలేదు. వాళ్లు వాడిన గోల్ఫ్ కర్రలు కూడా పదకొండు సంచుల నిండా క్లబ్బులో ఉండిపోయాయి. సన్నటి ఇనుప తలలు, గరిటంతేసి. మా ఆఫీసర్లందరూ వాటితోనే ఆడుతూ వచ్చారు.

గోల్ఫ్ తెలియనివారికి రెండు మాటలు. బంతిని కర్రతో కొడుతూ జెండా పాతిన గుంటల్లో వరసగా వెయ్యడమే ఆట. ఇనుప తల ఉన్న ప్రతి కర్రకీ అడుగున ఒక నంబరు చెక్కి ఉంటుంది. చిన్న నంబరైతే తల మొహం దాదాపు నిటారుగా ఉంటుంది, బంతి దూరం పోతుంది. నంబరు పెరిగేకొద్దీ మొహం పడక్కుర్చీలాగా వెనక్కి వాలుతుంది, బంతి పైకి లేచి దగ్గర్లో పడుతుంది. ఏ దూరానికి ఏ కర్రో చూసి చేతికందించేవాణ్ణి కేడీ అంటారు. బంతి పడరాని చోట పడితే తిట్టించుకునేవాడు కూడా అతనే.

మావారి కేడీ పేరు జోగులు. ముప్పై అయిదేళ్లుగా ఆ మైదానంలోనే ఉన్నాడు. నంబర్లు చదవడం వచ్చుగాని, ఎప్పుడూ చదవడు. "కర్ర మొగం సూత్తే తెలీదేటి అమ్మగారూ? మడిసి మొగం సూసి ఆకలేత్తందో లేదో సెప్పమా, ఇదీ అంతే" అంటాడు.

నాలుగో గుంట దూరం నూట యాభై గజాలు. మధ్యలో కర్మాగారం వేడినీళ్లు చల్లార్చుకునే చెరువు. అవతల పచ్చిక మీద జెండా. ఆరేళ్లలో మావారి బంతి ఒక్కసారీ ఆ చెరువు దాటలేదు. దాని గురించి ఇంట్లో మేం మాట్లాడుకోం.

చైత్రమాసంలో త్రివిక్రమరావుగారు ఢిల్లీ మీటింగుకి వెళ్లి, వస్తూ వస్తూ సరికొత్త కర్రల సెట్టు తెచ్చుకున్నారు. తలలు అట్లపెనాల్లా ఉన్నాయి. ఆ ఆదివారం నాలుగో గుంట దగ్గర ఆయన ఏడో నంబరుతో కొట్టారు. బంతి చెరువు దాటి జెండా పక్కన వాలింది. అంతవరకు ఆయన అదే చెరువుని అయిదో నంబరుతో కూడా అతి కష్టం మీద దాటించేవారు. నలభై మంది చప్పట్లు కొట్టారు.

"అయిదు నించి ఏడుకి! యోగా చేస్తున్నారా సార్?" అన్నారు ఆర్థిక శాఖాధిపతి.

"ఉదయం పూట గోరువెచ్చటి నీళ్లు," అన్నారు జీఎంగారు, చాలా వినయంగా.

మర్నాడు మావారు ఒక సర్క్యులర్ తయారుచేశారు. ఆయన ఆఫీసు కాగితాలన్నీ ఇంట్లో నేనే టైపు చేస్తాను కాబట్టి నాకు కంఠతా వచ్చు. "విషయం: నాలుగో గుంట వద్ద కర్రల నంబర్ల విషయమై ఏకరూపత సాధించుట గురించి. క్లబ్బు అధ్యక్షులవారి ఆటను ప్రామాణికంగా స్వీకరించి, నూట యాభై గజముల దూరమునకు ఏడో నంబరు మాత్రమే సముచితమని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. కేడీలు అన్య నంబరును అందించినచో తీవ్రముగా పరిగణించబడును."

ఆ తర్వాతి ఆదివారం పదకొండు మంది పాత కర్రలవాళ్లు ఆ గుంట ఆడారు. పది మందికి కేడీలు ఏడో నంబరు అందించారు. పది బంతులూ నిబంధనల ప్రకారం నీళ్లలో పడ్డాయి. పదకొండో వారు మావారు. ఆయన చెయ్యి చాపారు, జోగులు కర్ర పెట్టాడు, ఆయన కళ్లు మూసుకుని కొట్టారు. కళ్లు తెరిచేసరికి బంతి అవతలి ఒడ్డున ఉంది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చిన తీరు నేను మరచిపోలేను. చెప్పులు విడవకుండా హాల్లో రెండు చుట్లు తిరిగారు. పాయసం చెయ్యమన్నారు. చేశాను. రెండో గిన్నె సగంలో ఉండగా ఆయన మొహం మారిపోయింది.

"సుగుణా, నేను కొట్టింది ఏడో నంబరేనా?"

"నాకెలా తెలుస్తుందండీ?"

లేచి వెళ్లి సంచి వెతికారు. అంటుకున్న పచ్చిక ఒకే కర్రకి ఉంది. దాని అడుగున అయిదు అని ఉంది. జోగులు పచ్చిగా నిబంధన ఉల్లంఘించాడు. ఆ నిబంధన రాసిన అధికారి బంతితోనే ఉల్లంఘించాడు.

"ఊరుకోండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"నేను చూశానుగా," అన్నారు ప్రమాణాల శాఖవారు.

గిన్నెలో పాయసం అలాగే ఉండగా అభియోగపత్రం రాశారు. "శ్రీ జోగులు, కేడీ, ఏడో నంబరు ఇవ్వవలసి ఉండగా అయిదో నంబరు ఇచ్చి, తద్వారా బంతి అక్రమ మార్గమున అవతలి ఒడ్డు చేరుటకు కారకుడైనాడు." విచారణ తేలేదాకా సస్పెన్షన్. బ్యాడ్జి స్వాధీనం.

మూడో రోజు పొద్దున్న జోగులు మా వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాఫీ ఇచ్చాను. గ్లాసు చేతుల్లో తిప్పుతూ అడిగాడు.

"అమ్మగారూ, నానేటి తప్పు సేసాను? బాబుగారి బంతి దాటాల, దాటింది. అదే తప్పంటే నాకు బుర్రకెక్కట్లేదు."

"నాకూ ఎక్కలేదు జోగులూ."

"బేడ్జీ లేకపోతే ఫేక్టరీ గేటు లోపలికి రానివ్వరు. గేటు లోపలే గదా ఆసుపత్రి. మా ఇంటిదానికి, పైడికి, రెండు కళ్లకీ పొర కమ్మేసింది. వచ్చే నెల ఇరవయ్యో తారీకున ఆపరేషనుకి డేటిచ్చారు. బేడ్జీ సూపించి సేరమన్నారు. ఈ డేటు పోతే మళ్లీ ఆర్నెల్లు. ఇప్పుడే అది సెంబనుకుని సెప్పు పట్టుకుంటంది." కొంచెం నవ్వాడు. "అలగని ఆ సెప్పుతో నీళ్లోసుకుంటాననుకునేరు. ఇంకా అంతదాకా రాలేదు."

అతను వెళ్లాక నేను మా అమ్మాయి జామెట్రీ బాక్సు తీశాను. డిగ్రీలో నేను లెక్కలు చదివాను. ఆ చదువు ఇన్నాళ్లూ చీటీపాటకే పనికొచ్చింది. మావారి కర్రల కాడలు ఒక్కొక్కటే గోడకి నిటారుగా ఆనించి, తల మొహం వాలు కోణమానితో కొలిచాను. పాత ఏడు ముప్పై తొమ్మిది డిగ్రీలు, పాత అయిదు ముప్పై ఒకటి. ఆ తర్వాత కోణమాని కొంగులో పెట్టుకుని జీఎంగారి బంగళాకి వెళ్లాను. వాళ్లావిడ ఆ కొత్త కర్రలు చూపించడానికి రెండు వారాలుగా మనిషి కోసం ఎదురు చూస్తున్నారు. ఆవిడ కాఫీ తేవడానికి లోపలికి వెళ్లినంతసేపట్లో పని అయిపోయింది. కొత్త ఏడు ముప్పై డిగ్రీలు. పాత ఏడు కంటే కాడ దాదాపు అంగుళం పొడుగు.

రాత్రి భోజనాల దాకా ఆగలేక, మావారు ఆఫీసు నించి వచ్చి మొహం కడుక్కుంటూ ఉండగానే చెప్పేశాను.

"ఏమండీ, మీ అయిదో నంబరూ జీఎంగారి ఏడో నంబరూ ఒకే కర్ర."

"ఎలా అవుతుంది? దాని మీద అయిదుంది. దీని మీద ఏడుంది."

"వాలు ఒక్క డిగ్రీ తేడాతో ఒక్కటే. కొత్తగా చేసేవాళ్లు మొహాన్ని నిటారుగా తిప్పారు, కాడ పొడుగు చేశారు, బంతి పైకి లేవడానికి తల అడుగున బరువు పెట్టారు. నంబరు మాత్రం పాతదే వేశారు. కొన్నవాళ్లకి తమ బలం పెరిగిందనిపిస్తుంది. జోగులు మీకిచ్చింది జీఎంగారు కొట్టిన కర్రే."

మావారు తువ్వాలుతో మొహం తుడుచుకోవడం ఆపేశారు. కోణమాని అడిగి తీసుకుని స్వయంగా కొలిచారు. మళ్లీ కొలిచారు. నీళ్లు కారుతున్న మొహంతోనే నేల మీద కూర్చున్నారు.

"అంటే," అన్నారు చివరికి, "జీఎంగారి బలం పెరగలేదని నన్ను ఫైల్లో రాయమంటావా?"

రాయలేదు. దానికి బదులు "నంబర్ల సవరణ సంఘం" ఏర్పాటైంది. జీఎంగారు అధ్యక్షులు, మావారు కార్యదర్శి. పాత కర్రలు కాలానుగుణంగా వెనకబడి ఉన్నందున వాటి నంబర్లు ఉద్ధరించాలని తీర్మానించారు. కర్మాగారం టూల్ రూములో పాత అంకెలు అరగదీసి, మూడుని అయిదు చేశారు, అయిదుని ఏడు చేశారు, తొమ్మిదిని పదకొండు చేశారు. మా కర్మాగారంలో క్రేను మరమ్మతుకి పద్నాలుగు నెలలు పడుతుంది. ఇది నాలుగు రోజుల్లో అయిపోయింది. తనిఖీ ముద్ర కూడా వేశారు.

ఇక జోగులు ఇచ్చింది ఏడో నంబరే కదా, కేసు పోయినట్టే కదా అనుకున్నాను. ప్రమాణాల శాఖ లోతు నాకు తెలియదు.

"అతను ఇచ్చిన రోజున అది అయిదే సుగుణా. సవరణ ఆ తర్వాత వచ్చింది. వెనకటి తేదీ నించి వర్తింపజెయ్యడానికి వీల్లేదు," అన్నారు మావారు. కాని ఆ మాట నా వైపు చూసి అనలేదు, పప్పులో ఉన్న మిరపకాయ వైపు చూసి అన్నారు.

విచారణ జరిగింది. దాని నివేదిక నేనే టైపు చేశాను.

"నువ్వు ఆ రోజు ఇచ్చిన కర్ర నంబరెంత?" అని అడిగారు జీఎంగారు.

"కర్ర సూసాను బాబూ. నెంబరు సూళ్లేదు."

"అనగా, నంబరు చూడకుండానే కర్ర అందించినట్లు అంగీకరిస్తున్నావు."

"సెరువు దాటాల గదా బాబూ."

"చెరువు దాటడమనేది ఈ విచారణ పరిధిలోనిది కాదు."

నిర్ణయం వాయిదా వేశారు, తేదీ వెయ్యలేదు.

ఇంతలో ఆర్థిక శాఖాధిపతి అంతకన్నా కొత్త సెట్టు కొన్నారు. అందులో మొహాలు ఇంకా నిటారు. ఆయన ఎనిమిదో నంబరుతో చెరువు దాటించారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక అందరూ జీఎంగారి వైపు చూశారు. జీఎంగారు గోరువెచ్చటి నీళ్లు మానేశారు. బుధవారం సంఘం అత్యవసరంగా సమావేశమై, రెండో సవరణ కింద అధ్యక్షులవారి ఏడు మీద తొమ్మిది చెక్కించింది. ఆ ఆదివారం ఆయన తొమ్మిదో నంబరుతో నూట యాభై గజాలు కొట్టారు. ఆ వయసులో అంత బలం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. బలానికి వ్యాయామం కూడా అక్కర్లేదని, ఒక సుత్తీ, అంకెలు కొట్టే పంచీలూ ఉంటే చాలని తేలిపోయింది.

దాంతో ఆర్థిక శాఖవారు పదికి వెళ్లారు. జీఎంగారు పదకొండుకి. ఏకరూపత కోసం పాత కర్రలు కూడా వెంట పరుగెత్తాయి. మావారి అయిదు ఏడై, తొమ్మిదై, పదకొండైంది. ఆయన సంచిలో అన్నిటికన్నా చిన్న నంబరు తొమ్మిది. ఒకటి నించి ఎనిమిది వరకు నంబర్లు ఖాళీగా ఉన్నాయని సిబ్బంది శాఖ గమనించి, ఆ ఖాళీలు భర్తీ చేస్తారా, రద్దు చేస్తారా అని రాతపూర్వకంగా అడిగింది. టౌన్‌షిప్ బడి హెడ్మాస్టారు ఈ సంస్కరణకి ఉత్తేజితులై, అయిదో తరగతి గది తలుపు మీద ఏడు అని రాస్తే ఏడో తరగతి పిల్లల సగటు వయసు జిల్లాలోకెల్లా తక్కువగా నమోదవుతుందని ప్రతిపాదన పంపారు. అది పరిశీలనలో ఉంది.

నాలుగో సవరణకి టూల్ రూము ఫోర్‌మన్ ఎదురు తిరిగాడు. "కర్రల అడుగున ఇంక అరగదీయుటకు ఇనుము లేదు. అంకె వేసినచో పంచీ అవతలికి వచ్చును" అని జాబ్ కార్డు మీద రాసి పంపాడు. అయితే అప్పటికే మూడో సవరణ అంకెలు అరగదీసేశారు. సంఘం మళ్లీ కూర్చుంది. తుది నిర్ణయం వెలువడేదాకా, ఎవరికీ అన్యాయం జరగకుండా, పాత కొత్త తేడా లేకుండా మైదానంలోని కర్రలన్నిటికీ నంబర్లు తీసేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. శనివారం సాయంత్రానికి తీసేశారు కూడా.

ఆదివారం, పదహారో తారీకు, మా వార్షిక పోటీ. చైర్మన్‌గారు స్వయంగా వస్తున్నారు. మహిళా మండలి తరఫున పూలగుత్తి పట్టుకుని నేను గేటు దగ్గర నిలబడ్డాను.

గేటు పక్కనే మొదటి గుంట. చైర్మన్‌గారు వచ్చేలోగా చెయ్యి సాధన చేసుకుందామని జీఎంగారు వెళ్లారు. సంచి తెరిచారు. అన్నీ నున్నటి ఇనుప తలలు. ఒకటి తీసి చూసి పెట్టేశారు, ఇంకొకటి తీశారు, దాన్నీ పెట్టేశారు. ఇన్ని వారాలుగా ఆయన కర్ర మొహం చూసి తీసింది లేదు, అడుగున అంకె చూసి తీశారు.

"ఏమయ్యా, తొంభై గజాలకి ఏదో ఇవ్వు," అన్నారు కేడీతో.

"నెంబరు సెప్పండి బాబూ, ఇత్తాం," అన్నాడు కేడీ, చేతులు వెనక్కి కట్టుకుని.

"నంబర్లు లేవు కదా!"

"నెంబరు సూడకుండా ఇచ్చినోడు బయట కూకున్నాడు బాబూ. మాకూ పిల్లలున్నారు."

కేడీలందరిదీ అదే మాట. ఎవరికి వాళ్లే తీసుకుందామని ఆర్థిక శాఖాధిపతి ధైర్యం చేసి, చేతికందింది పట్టుకుని కొట్టారు. బంతి చైర్మన్‌గారి కోసం వేసిన షామియానా చింపుకుని వెళ్లింది.

జీఎంగారు వాచీ చూసుకున్నారు. "కామేశంగారూ, ఆ జోగుల్ని పిలవండి. వెంటనే," అన్నారు మావారితో.

పిలవడానికి దూరం లేదు. గేటవతల టీ బడ్డీ దగ్గర, బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పైడమ్మ, అతని భుజం మీద చెయ్యేసుకుని, శబ్దం వచ్చిన వైపుకల్లా తల తిప్పుతోంది. మావారు చెయ్యి ఊపారు. జోగులు లేచి గేటు దాకా వచ్చి ఆగాడు.

"బేడ్జీ లేదు బాబూ. రాకూడదు."

గేటు దగ్గర సెక్యూరిటీ హవల్దారు దాలినాయుడు. ఇరవై ఏళ్లు కొలిమి సైరన్ కింద డ్యూటీ చేసి చెవులు కొంచెం మందగించిన మనిషి. అతను బ్యాడ్జీల రిజిస్టరు తెరిచి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"బేడ్జీ తిరిగివ్వాలంటే కారణం రాయాల బాబూ. మూడు కారణాలే ఉన్నాయి. ఒకటి, శిచ్చాకాలం పూర్తి. రెండు, బేడ్జీదారు మరణం. మూడు, అభియోగం మోపినోరి తప్పు. ఏది రాయమంటారు?"

"మొదటిది రాసెయ్యి," అన్నారు జీఎంగారు.

"శిచ్చ వెయ్యలేదు గదా బాబూ ఇంకా."

"పోనీ రెండోది? తాత్కాలికంగా?" అన్నారు ఆర్థిక శాఖాధిపతి. బల్ల మీంచి పైడమ్మ చప్పున తలెత్తింది.

దాలినాయుడు కళ్లజోడు పైనుంచి చూశాడు. "మడిసి ఎదురుగా నించున్నాడు బాబూ."

అందరూ మావారి వైపు చూశారు. దూరంగా చైర్మన్‌గారి కారు ముందు నడిచే జీపు హారన్ వినబడింది. నా చేతిలో పూలగుత్తి బరువెక్కింది.

మావారు గొంతు సవరించుకున్నారు. "సాంకేతికంగా పరిశీలించినట్లయితే, నంబరుకీ వాలుకీ మధ్య ఏర్పడిన సమన్వయ లోపం దృష్ట్యా..."

"ఆ? వినబళ్లేదు బాబూ."

"అనివార్య కారణాల వల్ల..."

"అలాంటి కారణం రిజిస్టర్లో లేదు. మూడోదైతే ఎవరి తప్పో ఆ బాబే నోటితో సెప్పాల. నానే రాసుకుంటే రేపొద్దున్న ఆడిటోళ్లు నన్నడుగుతారు."

జీపు మలుపు తిరిగింది. వెనకే చైర్మన్‌గారి నల్ల కారు. గేటు వేసి ఉండటం చూసి ఆగింది. జీఎంగారు మావారి మోచెయ్యి పట్టుకుని, "ఏదో ఒకటి అనండి, కాని పద్ధతిగా అనండి," అని పళ్ల మధ్య నించి అన్నారు.

జోగులు గేటు కడ్డీ పట్టుకుని మెల్లగా అన్నాడు. "నాకు ఇప్పుడొద్దు బాబూ, రేపైనా పరవాలేదు. ఇరవయ్యో తారీకు లోపల సాలు. పైడికి మాటిచ్చాను."

మావారు అతని వైపు చూశారు. ఆ తర్వాత అవతల బల్ల వైపు చూశారు. పైడమ్మ చేత్తో తడుముకుంటూ తన గ్లాసు వెతుక్కుంటోంది. అది తన ఒళ్లోనే ఉంది.

మావారు టోపీ తీశారు. పద్దెనిమిదేళ్లలో ఆయన గొంతు ఇంట్లో గాని బయట గాని అంత పైకి లేవగా నేను వినలేదు.

"తప్పు నాదేనయ్యా! జోగులు ఇచ్చింది సరైన కర్రే! నేనే అంకె చూశాను, కర్ర చూళ్లేదు! తప్పు నాది!"

చైర్మన్‌గారి కారు అద్దం సగం కిందికి దిగింది.

దాలినాయుడు కలం సిరాలో ముంచినంత నెమ్మదిగా రాసుకుని, తలెత్తాడు.

"పూర్తి పేరు, హోదా కూడా సెప్పండి బాబూ."

"కామేశం! డిప్యూటీ జనరల్ మేనేజరు, ప్రమాణాలు!" అన్నారు మావారు. "తప్పు నాది."